ఎముక చుట్టూ తిరిగి చూడాలి: రాకాసి బల్లుల త్రీడీ చిత్రాలపై సమీక్ష

చమురు, గ్యాస్ వెతికేవాళ్ల పటాల్లో కైకలూరుకి తనదైన చోటు ఉంది. కృష్ణా గోదావరి బేసిన్ అడుగున, రెండు పక్కలా నేల కుంగిపోగా మధ్యలో గట్టులా మిగిలిపోయిన రాతి దిమ్మెను వాళ్లు ‘కాజ-కైకలూరు హార్స్ట్’ అంటారు. దానికి ఒకవైపు గుడివాడ లోతట్టు, రెండోవైపు బంటుమిల్లి లోతట్టు. కొల్లేటి బురద, చేపల చెరువులు, ఏళ్లు తెచ్చి పోసిన ఒండ్రు దాటుకుని వేల అడుగులు దిగితే రాకాసి బల్లులు భూమ్మీద తిరిగిన కాలం నాటి రాళ్లు తగులుతాయి. వాటి పేర్లూ మన ఊళ్ల పేర్లే: గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి. తిరుపతి అంటే ఇక్కడ ఏడుకొండలు కాదు, ద్వారకా తిరుమల, మన చిన తిరుపతి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన విలియం కింగ్ 1880లో అచ్చువేసిన నివేదికతో ఈ పేర్లు శాస్త్రంలో స్థిరపడ్డాయి. డెల్టా కింద లోతుగా దాక్కున్న ఈ రాళ్లే నూజివీడు వైపు మెట్టలో పైకి తేలి కనిపిస్తాయి. వాటిలో పేరుపడినవి ఆకుల అచ్చులు, సముద్రంలో బతికిన అమ్మోనైట్ల గుల్లలు. ఇంకాస్త తూర్పుకి వెళ్తే పంగిడి, కాతేరు క్వారీల్లో కొట్టే నల్లరాయి రాకాసి బల్లుల ఆఖరి రోజుల్లో పారిన లావా.

కంటికి కనపడని ఆ లోతును త్రీడీలో చూడటం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. ఓఎన్‌జీసీ వాళ్ల జీపులు, గట్ల వెంట పరిచిన కేబుళ్లు, చిన్న బోరు గుంతల్లో పేల్చే మందు ఇక్కడి రైతులు చూసినవే. పేలుడు శబ్దం కిందికి పోయి, ఒక్కో రాతి పొర దగ్గరా కొంత వెనక్కి తిరిగి వస్తుంది. ఆ రాకను జియోఫోన్లు పట్టుకుంటాయి. కంప్యూటర్ వాటన్నిటినీ కలిపి భూగర్భాన్ని ఎటు కావాలంటే అటు కోసి చూడగల దిమ్మెగా కడుతుంది. అయితే అంత ఖర్చు పెట్టి తీసిన ఆ దిమ్మెలో ఒక్క ఎముకా కనపడదు. ఆ లోతులో శబ్ద తరంగం పొడవు పదుల మీటర్లు. 14 మీటర్ల జంతువు అక్కడ నిండుగా పడుకుని ఉన్నా తరంగానికి పట్టదు.

1993లో వచ్చిన ‘జురాసిక్ పార్క్’ సినిమా మాత్రం ఇంకోలా చూపించింది. ఎడారిలో నేలలోకి ఒక్క దెబ్బ పేల్చగానే తెర మీద అస్థిపంజరం పక్కటెముకలతో సహా తేలుతుంది. నిజంగా ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. అమెరికాలోని న్యూమెక్సికోలో సైస్మోసారస్ అనే భారీ జంతువును తవ్వుతూ డేవిడ్ గిలెట్ 1980ల్లో భూమిలోకి రాడార్, ధ్వని తరంగాలు పంపి చూశాడు. ఫలితం అంతంతమాత్రం. చివరికి పలుగూ ఉలీ పట్టాల్సిందే. ఆ గిలెట్టే 2010లో మన ప్రాణహిత-గోదావరి లోయ నుంచి వచ్చిన బారాపాసారస్ ఎముకలను ఒక్కొక్కటిగా వర్ణించిన పెద్ద వ్యాసానికి సహరచయిత అయ్యాడు.

కాబట్టి ఇక్కడి ప్రశ్న తవ్వి తీసిన ఎముక గురించే. దాన్ని త్రీడీ చిత్రంగా మార్చి చూస్తే ఎవరికి ఏం ఒరుగుతుంది? ఏ పద్ధతి దేనికి పనికొస్తుంది? ఎక్కడ మోసపోతాం? నా తీర్పు ముందే చెప్పేస్తాను: కొలత, చిరునామా రెండూ ఉన్న త్రీడీ చిత్రానికే విలువ. ఆ రెండూ లేకపోతే అది ఎంత మెరిసినా పిల్లల కాలక్షేపమే.

మన రాకాసి బల్లుల చిరునామా ప్రాణహిత-గోదావరి లోయ. పాత ఆదిలాబాద్ జిల్లా, దాన్ని ఆనుకుని ఏటి అవతల మహారాష్ట్రలోకి పోయిన తెలుగు ఊళ్లు. 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి దాని స్థాపకుడు మహలనోబిస్ పిలుపు మీద లండన్ నుంచి పమేలా లాంప్లూ రాబిన్సన్ వచ్చింది. లెక్కల సంస్థకు ఎముకలతో పనేమిటని ఎవరైనా అడగొచ్చు. కొలిచి లెక్కకట్టగలిగేదంతా మహలనోబిస్ దృష్టిలో సంస్థ పనే. మరుసటి ఏడాదే సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర ఎముకలు కనపడ్డాయి. ఇది చీరల పోచంపల్లి కాదు, పేరు మాత్రమే ఒకటి. 276 చదరపు మీటర్ల మేర దాదాపు 300 ఎముకలు, పాతకాలపు వరదకు కొట్టుకొచ్చిన చెట్టు మొద్దులతో కలగలిసి బయటపడ్డాయి. కనీసం ఆరు జంతువులవి. అందులో ఒక తొడ ఎముకే సుమారు 1.7 మీటర్లు. తవ్వకం జోరుగా సాగిన 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కావడంతో 1975లో పేరు పెట్టినప్పుడు బారాపాసారస్ టాగోరై అన్నారు. 1977లో దాన్ని కలకత్తా సంస్థ మ్యూజియంలో నిలబెట్టారు. ఎముకలు దొరికింది తెలుగు మాట్లాడే నేల మీద, అవి నిలబడింది హుగ్లీ ఒడ్డున.

రెండోది కోటాసారస్ యమనపల్లియెన్సిస్. 1970ల చివర్లో యమనపల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు 800కి పైగా ఎముక భాగాలు తీశారు. కనీసం 12 జంతువులవి. పి. యాదగిరి 1988లో దానికి పేరుపెట్టి, 2001లో ఎముకల పూర్తి వర్ణన అచ్చువేశారు. దాని అస్థిపంజరమే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మెడ చాచి నిలబడి ఉంటుంది. స్కూలు బస్సుల్లో వెళ్లి చూసొచ్చిన పిల్లలు ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు కూడా వేలల్లో ఉంటారు. వీళ్లిద్దరే కాదు. ఇదే లోయలోని ధర్మారం రాళ్ల నుంచి లాంప్లూసారా, ప్రధానియా, మలేరి రాళ్ల నుంచి అల్వాకేరియా, జక్లపల్లిసారస్, నంబాలియా వచ్చాయి. ప్రధానియా పేరు కలకత్తా సంస్థలో శిలాజాలు సేకరించిన ప్రధాన్ అనే ఆయనది. ఎండలో నడిచి ఎముకను మొదట చూసినవాడి పేరు జంతువుకి దక్కడం అరుదు, అందుకే ఈ పేరంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

ఇక చూసే పద్ధతులు. అన్నిటికంటే పాతది రెండు కళ్లకు రెండు బొమ్మలు చూపించడం. 1838లో ఇంగ్లండ్‌లో చార్ల్స్ వీట్‌స్టన్ దీన్ని వివరించాడు. మన తరానికి ఇది ‘చిన్నారి చేతన’ సినిమాకి హాలు గుమ్మంలో ఇచ్చిన కళ్లద్దాలతో పరిచయం. శిలాజ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు వ్యాసాల్లో ఒకే ఎముకకు కొద్ది కోణం తేడాతో తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన అచ్చువేసేవారు. కళ్లను కాస్త సడలించి చూడటం అలవాటైనవాడికి పన్ను మీది గాడి, వెన్నుపూస మీది గుంట కాగితం లోంచి లేచి వస్తాయి. ఖర్చు దాదాపు లేదు. ఎరుపు, నీలిపచ్చ అద్దాలతో చూసే బొమ్మలూ ఇదే కోవ. అయితే ఇందులో చూపు ఒకే దిక్కు నుంచి, ఎముక వెనక్కి తిరగదు.

తిప్పి చూడటం కావాలంటే ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నది ఫొటోగ్రామెట్రీ. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఎముకను బల్ల మీద పెట్టి, చుట్టూ తిరుగుతూ, ఒక్కో అడుగుకీ ఒక్కో ఫొటో తీస్తారు. ఒక ఫొటోలో కనపడిన భాగంలో సగానికి పైగా తరవాతి ఫొటోలోనూ కనపడాలి. ఒక చుట్టు నడుము ఎత్తులో, ఇంకో చుట్టు తల మీదుగా. తరవాత ఎముకను బోర్లా తిప్పి మళ్లీ మొదలు. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫొటోలోనూ ఉన్న ఒకే మచ్చను, ఒకే పగులును గుర్తుపట్టి, కెమెరా ఎక్కడెక్కడ నిలబడిందో లెక్కకట్టి, లక్షల చుక్కలతో ఆ ఉపరితలాన్ని అల్లుతుంది. మెష్‌రూమ్ లాంటివి ఉచితం, మెటాషేప్ లాంటివి కొనాలి. బ్రిటన్‌లో పీటర్ ఫాకింగ్‌హామ్ 2012లోనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పరిశోధనకు పనికొచ్చే నమూనాలు చేయొచ్చని చూపించాడు. ఇవాళ మంచి ఫోను కెమెరా ఉంటే చాలు.

చిక్కులు కూడా అక్కడే ఉన్నాయి. పాతరోజుల్లో ఎముకకు పూసిన వార్నిష్ మెరిస్తే, ఆ మెరుపు కెమెరాతో పాటు కదిలి లెక్క చెడగొడుతుంది. నిలబెట్టిన అస్థిపంజరంలో ఇనుప కడ్డీ వెనక, కటి ఎముక లోపల కెమెరా దూరదు. అక్కడ సాఫ్ట్‌వేర్ కన్నం వదిలేస్తుంది, లేదా తనకు తోచిన నున్నటి తొడుగు వేసేస్తుంది. ఆ నున్నటి తొడుగు చాలా ప్రమాదం. చూసేవాడికి అది ఎముకలాగే కనపడుతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు పక్కన స్కేలు పెట్టకపోవడం. ఫొటోలకు పరిమాణం తెలియదు. స్కేలు లేకపోతే బారాపాసారస్ తొడ ఎముకా, కోడి కాలి ఎముకా తెర మీద ఒకటే ఎత్తు.

తెర మీద ఎముక చేతికి వచ్చాక మొదట చేయాల్సింది రంగు తీసేయడం. నమూనా చూపించే ప్రోగ్రాముల్లో ఆ మీట దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది. రాతి మరకలు, మ్యూజియం రంగు, పాత సిరా అంకెలు అన్నీ పోయి బూడిద రంగు ఆకారం ఒక్కటే మిగులుతుంది. వెలుతురును ఒక పక్క నుంచి ఏటవాలుగా పడనిస్తే తొడ ఎముక వెనకాల గరుకుగా ఉబ్బిన ఒక గీత తేలుతుంది. తోకను కాలికి బిగించిన కండరం అతుక్కున్న చోటు అది. మ్యూజియంలో రెయిలింగ్ అవతల, ట్యూబ్‌లైటు కింద నిలబెట్టిన ఎముకలో దాన్ని పట్టుకోవడం కష్టం. తాకలేని ఎముకను తెర మీద ఇలా చదవగలగడమే ఈ పద్ధతి ఇచ్చిన అసలు లాభం.

బయటి రూపం ఫొటో చెబుతుంది, లోపల ఏముందో చెప్పలేదు. అందుకు సీటీ స్కాన్ కావాలి. సీటీ రాకముందు లోపలి నిర్మాణం చూడాలంటే శిలాజాన్ని బలిపెట్టడమే దారి. 20వ శతాబ్దం మొదట్లో విలియం సోలస్ పుర్రెలను కొద్దికొద్దిగా అరగదీస్తూ, ప్రతి అరుగుకీ బొమ్మ గీసుకుంటూ, ఆ బొమ్మలను పేర్చి మైనంతో నమూనా చేసేవాడు. పని పూర్తయ్యేసరికి పుర్రె పొడైపోయేది. 1984లో కాన్‌రాయ్, వానియర్ అనే ఇద్దరు అమెరికన్లు రాయి నిండిన పుర్రెను చెక్కకుండానే సీటీతో లోపలికి చూసి ‘సైన్స్’ పత్రికలో అచ్చువేశారు. ఆ తరవాత దారి తెరుచుకుంది. ‘సూ’ అనే పేరుమోసిన టైరనోసారస్ పుర్రె ఆస్పత్రి యంత్రంలో పట్టక, విమానాల కంపెనీ బోయింగ్ దగ్గరున్న పెద్ద సీటీలో పెట్టి మెదడు గూడు చూశారు.

సీటీ దొంగల్ని కూడా పట్టింది. 1999లో పక్షికీ రాకాసి బల్లికీ మధ్య లంకె అంటూ ‘ఆర్కియోరాప్టర్’ చైనా నుంచి అమెరికా చేరి పత్రికలకెక్కింది. టెక్సస్‌లో టిమొతీ రో సీటీలో పెట్టి చూస్తే వేరువేరు శిలాజాల ముక్కలను అతికించి చేసిన పలక అని తేలింది. పైకి ఒకే రాయిలా కనపడినా లోపలి పగుళ్లు ఒకదానికొకటి కలవలేదు. 2017లో మంగోలియా జంతువు హాల్జ్‌కరాప్టర్ విషయంలో ఇలాంటి అనుమానమే వచ్చింది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్‌లో దాన్ని రాయి లోంచి తీయకుండానే స్కాన్ చేసి, ఒకే జంతువుదని తేల్చారు. ఫొటో ఎంత బాగున్నా ఈ పని చేయలేకపోయేది.

మన ఎముకల దగ్గరికొస్తే సీటీకి రెండు కొసల్లో రెండు ఇబ్బందులు. ఏలూరులోనో భీమవరంలోనో ఉన్న స్కానింగ్ సెంటర్ల యంత్రం మనిషి పడుకోవడానికి చేసింది. రాయిగా మారిన 1.7 మీటర్ల తొడ ఎముక గుండా దాని కిరణం సరిగా పోదు, బల్ల కూడా ఆ బరువు మోయదు. ఇంకో కొసలో, బారాపాసారస్ వచ్చిన కోటా రాళ్లలోనే దొరికిన తొలి క్షీరదాల పళ్లు. శాస్త్రవేత్త హాల్డేన్ పేరు పెట్టుకున్న కోటాథీరియం పన్నును మిల్లీమీటర్లలో కొలవాలి. దానికి మైక్రో సీటీ కావాలి. అంటే ఒకే రాతి పొరలోంచి వచ్చిన తొడ ఎముకకు ఫోను కెమెరా చాలు, పన్నుకు కోట్ల ఖరీదు యంత్రం కావాలి. అమ్మేవాళ్లు ఏ పద్ధతినైనా అన్నిటికీ మందులా చెబుతారు. పన్నుకూ తొడకూ ఒకే మందు లేదు.

చేతిలో పట్టుకునే లేజర్ స్కానర్లూ, గీతల వెలుగు పడేసి కొలిచేవీ కూడా ఉన్నాయి. సూక్ష్మంగా కొలుస్తాయి, ఖరీదు ఎక్కువ. మ్యూజియాలకు సరే, మిగతావాళ్లకు ఫొటోగ్రామెట్రీతోనే చాలా పని అయిపోతుంది. తలకు తొడిగే వీఆర్ పెట్టెల గురించి ఎక్కువ రాయను. 2020లో గూగుల్ వాళ్లు ఫోనులో వెతికితే ఇంటి హాల్లో రాకాసి బల్లి నడిచేలా చేశారు. పిల్లలు మురిసిపోయారు, మురిసిపోవాలి కూడా. అందులో చూపించింది చర్మం, రంగు, గర్జన. ఎముక ఒక్కటీ లేదు.

లెక్కలు ఎలా మారతాయో ఒక్క ఉదాహరణ చాలు. బెర్లిన్ మ్యూజియంలో నిలబడ్డ జిరాఫాటైటన్ బరువు 78 టన్నులని 1962లో కోల్బర్ట్ బొమ్మ నమూనాను ఇసుకలో పూడ్చి అంచనా వేశాడు. 2012లో అదే అస్థిపంజరాన్ని లేజర్‌తో స్కాన్ చేసి, ఎముకల చుట్టూ బిగుతైన తొడుగు గీసి లెక్కకట్టిన బృందానికి సుమారు 23 టన్నులు వచ్చింది. మూడో వంతుకు పడిపోయింది. మిగిలిన బరువు ఎముకది కాదు, నమూనా చేసినవాడి ఊహది. బారాపాసారస్, కోటాసారస్ బరువుల గురించి పుస్తకాల్లో కనపడే అంకెలను ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకునే చదవాలి.

ఇప్పుడు అసలు బాధ పెట్టే కథ. కోటాసారస్‌కి పేరుపెట్టిన యాదగిరే, అయ్యసామితో కలిసి 1987లో తమిళనాడులోని కల్లమేడు నుంచి బృహత్కాయోసారస్‌ని ప్రకటించారు. వెనక కాలిలో మోకాలి కింది ఎముకే 2 మీటర్లు అన్నారు. అంత పొడుగు నిజమైతే ప్రపంచంలో నేల మీద నడిచిన అతి పెద్ద జంతువుల్లో అదొకటి. 2023లో ఇద్దరు పరిశోధకులు దాని బరువును 110 నుంచి 130 టన్నుల దాకా ఊహించారు, అంటే నీలి తిమింగలాలతో పోటీ. అయితే ఆ ఎముక ఇప్పుడు లేదు. అరియలూరు ప్రాంతపు రాయి పుచ్చుబారినది, ఎముకలు పొడిపొడిగా రాలిపోయాయి. మిగిలింది గీతల బొమ్మలు, కొన్ని చిన్న ఫొటోలు. అందుకే దశాబ్దాల పాటు అది ఎముక కాదు, చెట్టు మొద్దు కావచ్చు అని కొందరు అనుమానించారు. 2022లో అయ్యసామి, మరో పరిశోధకుడితో కలిసి పాత ఫొటోలు ఇంకొన్ని బయటపెట్టాక అనుమానం కొంత తగ్గింది. ఫొటోలు ఇప్పటికీ కొద్దే. ఎముక చుట్టూ తిరిగి తీసిన ఇరవై ఫొటోలు, పక్కన ఒక స్కేలు ఉండి ఉంటే ఈ వాదనే పుట్టేది కాదు. 1980ల్లో ఆ అవసరం ఎవరికీ తట్టకపోవడం సహజం. ఇవాళ తట్టకపోతే మాత్రం క్షమించలేం.

పాత ఫొటోలకు ఎంత విలువో ఇంకో చోట తేలింది. టెక్సస్‌లో పాలక్సీ నది అడుగున ఒక పెద్ద శాకాహారిని వేటాడే జంతువు వెంటాడిందనిపించే అడుగుల వరసను 1940లో రోలండ్ బర్డ్ తవ్వి తీశాడు. పలకలు రెండు మ్యూజియాలకు చెరోచోటికి పోయాయి, ఒక భాగం అసలు దొరకలేదు. 2014లో ఫాకింగ్‌హామ్ బృందం బర్డ్ తీసిన గుప్పెడు నలుపు-తెలుపు ఫొటోలను ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో వేస్తే తవ్వకానికి ముందు నేల ఎలా ఉందో అలా లేచొచ్చింది. మన సంస్థల పాత అల్బమ్‌లలో ప్రాణహిత తవ్వకాల ఫొటోలున్న చోట, ఒకే గుంతను వేరువేరు వైపుల నుంచి తీసినవి ఉంటే, వాటిని మొదట స్కాన్ చేయాలి. ఎముకల కంటే ముందు అవే పాడవుతాయి.

పాడవడం అనేది ఊహ కాదు. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలో జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం తగలబడింది, ప్రదర్శనలో సారోపాడ్ అనే పొడుగు మెడ రాకాసి బల్లి ఎముక కూడా ఉండేది. 2018 సెప్టెంబర్‌లో బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయినప్పుడు, అంతకు ముందు అక్కడి ప్రయోగశాల తీసి పెట్టుకున్న స్కాన్లే కొన్ని వస్తువులకు మిగిలిన రూపం. మన దేశపు మొట్టమొదటి రాకాసి బల్లి టైటనోసారస్ ఎముకలు కూడా దశాబ్దాల పాటు ఎక్కడున్నాయో తెలియకుండా పోయి, 2012లో కలకత్తాలో జియలాజికల్ సర్వే సేకరణలోనే మళ్లీ కనపడ్డాయి. దొరికాయి కాబట్టి సరిపోయింది.

ఇక నమ్మకం సంగతి. వాషింగ్టన్ స్మిత్సోనియన్‌లో 1905లో నిలబెట్టిన ట్రైసెరాటాప్స్ చాలా జంతువుల ఎముకల కలగలుపు. తల శరీరానికి చిన్నది, పాదాలు వేరే జాతి జంతువువి. 1990ల చివర్లో దాని ప్రతి ఎముకనూ స్కాన్ చేసి, చిన్నగా ఉన్న వాటిని కంప్యూటర్‌లో సరైన కొలతకు పెంచి, అద్దంలో బొమ్మలా తిప్పి రెండో పక్క తయారుచేసి, 2001లో కొత్త అచ్చు నిలబెట్టారు. ఇప్పుడు స్మిత్సోనియన్ త్రీడీ సైట్‌లో కొలటేపు లాగి ఎముకలను మనమే కొలవొచ్చు, అడ్డంగా కోసి చూడొచ్చు. ముఖ్యంగా ఏది ఎక్కడి నుంచి తెచ్చారో వాళ్లు దాచలేదు.

కోటాసారస్‌కి కూడా ఇదే నిజాయితీ కావాలి. 12 జంతువుల నుంచి వచ్చిన ఎముకలతో కట్టిన అస్థిపంజరం అది. రెండు పళ్లు తప్ప పుర్రె దొరకలేదు. కాబట్టి ఆ ఆకారానికి ఉన్న తల, దానికి దగ్గరి చుట్టాలను చూసి ఊహించి చేసిందే. ఇది మోసమేమీ కాదు, ప్రపంచంలో చాలా మ్యూజియాల పద్ధతి ఇదే. అయితే దాన్ని త్రీడీగా పెట్టేటప్పుడు అసలు ఎముకకు ఒక రంగు, వేరే జంతువు నుంచి తెచ్చిన దానికి ఇంకో రంగు, ప్లాస్టర్‌కి మూడో రంగు వేయాలి. ప్రతి భాగానికీ జియలాజికల్ సర్వే నంబరు, దొరికిన ఊరు రాయాలి. ఆ మాట ఇంగ్లీషుతో పాటు తెలుగులో కూడా ఉండాలి. యమనపల్లి పిల్ల తన ఊరి జంతువు గురించి చదవడానికి ఇంగ్లీషు నేర్చుకునే దాకా ఆగనక్కర్లేదు.

ఎవరి ఆస్తి అనే తగాదా కూడా ఉంది. స్కాన్ చేసినవాడు నమూనా తనదేనంటాడు, మ్యూజియం ఎముక తనదంటుంది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం నడిపే మార్ఫోసోర్స్‌లో పరిశోధకులు నమూనాలు ఉంచి, ఎవరు వాడొచ్చో షరతు రాస్తారు. అక్కడ ఉచితంగా దొరికేవీ, అనుమతి అడగాల్సినవీ రెండూ ఉన్నాయి. మన దేశంలో శిలాజాల రక్షణకు గనుల శాఖ 2022 డిసెంబర్‌లో ఒక బిల్లు ముసాయిదా బయటపెట్టింది. అది భూవారసత్వ స్థలాల గురించి, అక్కడి వస్తువుల గురించి. స్కాన్లకు కూడా నియమం కావాలి: ప్రజల సొమ్ముతో తవ్విన ఎముక నమూనా ప్రజలకు ఉచితంగా దొరకాలి. ఈ ఒక్క విషయంలో నాకు మధ్యేమార్గం లేదు.

మరి కైకలూరు బడిలో ఏం చేయొచ్చు? కంప్యూటర్ గదిలో కళ్లద్దాలూ, వీఆర్ పెట్టెలూ అక్కర్లేదు. ఉన్న కంప్యూటర్‌లో ట్రైసెరాటాప్స్ తెరిచి రంగు తీసేసి, కొమ్ము పొడుగు కొలవమంటే ఒక పీరియడ్ ఇట్టే గడిచిపోతుంది. సొంతంగా నమూనా చేయాలనుకుంటే గేదె తొడ ఎముక మంచిది. పెద్ద బొచ్చె తల కూడా బాగుంటుంది, ఎముకలు పలుచన కాబట్టి కాస్త కష్టం. ఆటపాక దగ్గర రాలిన గూడబాతు ఎముక తేవాలని మాత్రం పిల్లలకు చెప్పకండి, అభయారణ్యంలోంచి ఏదీ తేకూడదు. దూరం నుంచి చూస్తూ ఒక సంగతి చెప్పొచ్చు: పక్షులు రాకాసి బల్లుల సంతతే, గూడబాతు ఎముకల్లో ఉన్న గాలి గదుల లాంటివే పెద్ద సారోపాడ్‌ల వెన్నుపూసల్లోనూ సీటీలో కనపడతాయి.

కోటాసారస్ పుర్రె ఇంకా దొరకలేదు. ప్రాణహిత వైపు చుట్టాలున్నవాళ్లు, అటు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు మన జిల్లాలోనూ ఉన్నారు. వాగు గట్టున రాయిలా బరువున్న ఎముక కనపడితే పీకకండి, కడగకండి, ఇంటికి తేకండి. పక్కన ఒక పెన్నో స్కేలో పెట్టి, చుట్టూ తిరుగుతూ అడుక్కో ఫొటో తీయండి. ఊరి పేరు, చోటు ఫోనులోనే గుర్తుపెట్టి హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే కార్యాలయానికి తెలియజేయండి.